వరుస తప్పిన కారు

తెల్లవారకముందే పెట్రోలు కోసం వరుసలో పెట్టిన కారు, మధ్యాహ్నానికి వంతెన దగ్గరికి మాత్రమే చేరింది.

కోకండ్ పట్నంలో ఆ చలికాలం గ్యాస్ బంకులన్నీ మూసేశారు. ఊళ్లో కార్లన్నీ పెట్రోలు మీద పడ్డాయి.

హమ్దామ్‌కి ఒళ్లు మండిపోతోంది. టాక్సీ తోలి సంపాదించిందంతా ట్యాంకే తాగేస్తోంది.

నిన్న కరెంటు కార్ల షోరూంకి వెళ్లాడు. అక్కడి కుర్రాడు ధర చెప్పకుండా ఇతని బూట్ల వంక చూసి నవ్వాడు.

"ధర చెప్పమన్నాను, నవ్వమనలేదు" అన్నాడు హమ్దామ్.

చెప్పాడు. ఇల్లమ్మినా చాలదు.

"కొంటే బోలెడు మిగులుతుందంటారు. కొనగలిగితే కదా మిగిలేది" అన్నాడు హమ్దామ్, వరుసలో వెనక కారు నోసిర్‌తో.

"చవకైనవన్నీ ఉన్నవాళ్లకే అన్నా. లేనివాడికి పెట్రోలు" అన్నాడు నోసిర్.

ఇంటి నుంచి ఫోన్. భార్య జులైహో.

"మార్గిలాన్ నుంచి మీ బావగారు పంపిన మనిషి ఇంకా రాలేదు. పలావు దించేశాను. మీరెప్పుడొస్తారు?"

"వరుస కదిలితే."

"ఆయన మన కారు కొనడానికేనా వచ్చేది?"

"అంతే అయ్యుంటుంది. కారు సంగతి తేలుస్తాడు, ఆయన్ని బాగా చూసుకో అన్నాడు బావ. అమ్మేసి రష్యా పోతాను. మంచులో ఇటుకలు మోస్తాను."



"పిల్ల మీ పాస్‌పోర్టు ఎక్కడో దాచేసింది. ఎంతడిగినా చెప్పట్లేదు" అంది జులైహో.

ఫోన్ పెట్టేసరికి హమ్దామ్ కళ్లు ఎర్రబడ్డాయి. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

అప్పుడే వంతెన మీంచి రంగు వెలిసిన పాత నెక్సియా కారొకటి, చప్పుడు లేకుండా, వరుస పక్కగా దిగివచ్చింది.

"ఇంజనాపి దొర్లించుకొస్తున్నాడు చూడన్నా" అన్నాడు నోసిర్.

పెట్రోలు చుక్క కలిసొస్తుందని ఆ వాలులో అందరూ చేసే పనే అది. కానీ ఎవరి చోట్లో వాళ్లు.

హమ్దామ్ వెళ్లి కారుకి అడ్డం నిలబడ్డాడు.

అద్దం దించాడొక ముసలాయన. నెత్తిన టోపీ, ఒళ్లో రొట్టెల మూట.

"బాబూ, ఇక్కడ..."

"ఇక్కడ వరుసుంది తాతా. కళ్లు కనబడవా?"

"నాకు పెట్రోలు అక్కర్లేదయ్యా. ఒక ఇల్లు..."

వరుసంతా గొల్లున నవ్వింది.

"పెట్రోలక్కర్లేదంట. నీళ్లు పోస్తే నడుస్తుందేమో అడగన్నా" అన్నాడు నోసిర్.

"కావాలంటే మూత తీసి చూడండి" అన్నాడు ముసలాయన. "ముందు నా మాట వినండి."

"నీ మాట వినడానికా పొద్దున్నుంచీ ఇక్కడ గడ్డకట్టుకుపోయింది? జరపండ్రా ఈ బండిని" అన్నాడు హమ్దామ్.

నలుగురు భుజాలానించారు. అందరికంటే గట్టిగా నెట్టింది హమ్దామ్.

"కాలువ వైపు వద్దు బాబూ. కింద తడవకూడదు" అన్నాడు ముసలాయన.

వద్దన్నాక ఇంకాస్త నెట్టాడు హమ్దామ్. షోరూం కుర్రాణ్ణి నెట్టాల్సిన నెట్టుడది. అలాంటివి ఎప్పుడూ ముసలాళ్ల మీదే పడతాయి.

కారు ముందుకు జారి రోడ్డు పక్క కాలువలో దిగబడింది. నీళ్లు లోపలికెక్కాయి. అడుగున ఏదో చిటపటలాడి ఆగిపోయింది.

ముసలాయన మోకాళ్ల దాకా తడిసి బయటికొచ్చాడు. మూట జారి, రొట్టెలు రెండూ బురద అంచున పడ్డాయి.

హమ్దామ్ నడుము దానంతటదే వంగింది. రొట్టెలు తీసి, తుడిచి, పెదవులకీ నుదుటికీ తాకించి, వంతెన గోడ మీద పెట్టాడు. రొట్టె కాళ్ల కింద పడితే ఆ ఊళ్లో ఎవరూ ఓర్చుకోరు. పడింది మనిషైతే మాత్రం చూస్తూ నిలబడ్డారు.

ముసలాయన తిట్టలేదు. కాలువ వంక చూసి, హమ్దామ్ వంక చూశాడు.

"ఆ రొట్టెలు నువ్వే తీసుకెళ్లు బాబూ. ఒకరింటికని తెచ్చాను. ఇక వాళ్ల ముందుకి ఏ మొహంతో వెళ్లను" అన్నాడు.

నడుచుకుంటూ వెళ్లి బస్సెక్కాడు.

హమ్దామ్ ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. పలావు చల్లారిపోయింది. అతిథి రాలేదు.

రొట్టెలు పారేయలేక తెచ్చాడు. జులైహో వాటిని బల్ల మీద పెట్టి, పైనున్న అచ్చు చూసింది.

"ఇది మార్గిలాన్ అచ్చు. మీ అక్కయ్యవాళ్ల వీధి తందూరులో ఇలాగే కాలుస్తారు. ఎక్కడివి?"

హమ్దామ్ జవాబు చెప్పేలోగా ఫోన్ మోగింది. బావ.

"మామసోలి తాత చేరాడా? ఆయన దగ్గర ఫోన్ కూడా లేదు."

"ఎవరు బావా? కారు కొనేవాడా?"

"కొనడమేంట్రా. పాత కార్లలో ఇంజను పీకేసి, పాడైన కరెంటు కార్ల బ్యాటరీలు పెట్టి, కరెంటువి చేస్తాడాయన. పైసా అడగడు. చేసిన బండి నీకిచ్చి నీ పెట్రోలు బండి తీసుకుంటాడు. దాన్ని మార్చి ఇంకొకడికిస్తాడు. మా వీధిలో నలుగురు ఇలాగే పెట్రోలు మానేశారు. ముందే చెబితే నువ్వు నమ్మవని చెప్పలేదు."

 తందూరు వాసన ఇంకా పోని రొట్టె మీద హమ్దామ్ చెయ్యి అలాగే ఉండిపోయింది.

"రష్యా మాటెత్తకు ఇక. వాకిట్లో నిలబడి చూస్తూండరా, రంగు వెలిసిన నెక్సియా వస్తుంది, చప్పుడు కూడా చెయ్యదు. ఏడాది పట్టి నీ కోసమే చేశాడు, అది నీ కారు."