ఒంటెద్దు వెల

పూండి చెరువు అడుగు కనపడిన ఏడాది అది.

తిరుత్తణి పక్క సంతకు వెంకటముని తన ఎద్దును తోలుకొచ్చాడు. జోడెద్దు రోగమొచ్చి పోయింది. గడ్డివామి ఖాళీ అయింది. మిగిలిన దీన్ని మేపే దారి లేదు.

అమ్మక తప్పదు. కానీ దుక్కి దున్నేవాడికే అమ్మాలి, కోతకు లారీ ఎక్కించేవాడికి కాదు. పొద్దున దాని నుదుట పసుపు రాస్తూ భార్య కుప్పమ్మ చేయించుకున్న ఒట్టు అది.

ఎండకు సంతంతా నిద్రలో నడుస్తున్నట్టుంది. దుమ్ములో మనుషులూ పశువులూ కాళ్లు లేకుండా తేలుతున్నారు. దూరంగా కొండ మీద మురుగన్ గుడి ఉందా లేదా అన్నట్టుంది.

ఆ దుమ్ములోంచి ఒక ముసలాయన వచ్చాడు. తెల్ల పంచె, చంకలో గొడుగు.

పళ్లు చూడలేదు, గిట్టలు చూడలేదు. ఎద్దు గంగడోలు నిమురుతూ నిలబడ్డాడు. ఎద్దు హాయిగా కళ్లు మూసుకుంది.

"దీని వెల ఎంతప్పా?"

"మీరే చెప్పండి సామీ." సంతలో ముందుగా వెల చెప్పినవాడు మునిగినట్టే.

ముసలాయన నవ్వాడు. "మనం వెల అంటాం, అరవంలో విలై అంటారు. ఒక తల్లి బిడ్డలే. ఆ వేరులోంచే అరవంలో విల్ పుట్టింది, అంటే అమ్మడం. మన పాత తెలుగులో విలుచు పుట్టింది, అంటే కొనడం. చిత్రంగా లేదూ?"

"అట్లనా సామీ."

"ఖరీదంటే పారశీకంలో కొనుగోలు. సంస్కృతంలో మూల్యం. మూలం అంటే మొదలు. మొదలు ఎరిగినోడికే వెల తెలుస్తుందని కాబోలు."

ఎద్దు చెవి వెనక గోకాడు ముసలాయన.

"చింతపండు ధర పెరిగితే ప్రియమైంది అంటాం చూడు. కొనలేనిదాన్నీ, మనసుపడ్డదాన్నీ ఒకే మాటతో పిలుస్తాం. ఎవడన్నాడో ముందుగా, బాగా నలిగినోడే అయుంటాడు."

ఆ గొంతు వెంకటమునిని ఊయలలో వేసి ఊపినట్టుంది. కరువూ ఎండా కాసేపు ఎటో పోయాయి.

ముసలాయన భుజం మీది తుండుగుడ్డ తీసి అతని చేతిమీద కప్పాడు. ఈ సంతలో బేరం నోటితో సాగదు. గుడ్డ కింద వేళ్లు పట్టి చెప్పుకోవాలి. వేలికి నూరు.

ఐదు వేళ్లూ పట్టాడు. వదిలి మళ్లీ పట్టాడు. ఇంకోసారి పట్టాడు.

పదిహేను నూర్లు! జోడు తప్పిన ముసలెద్దుకు!

వెంకటమునికి మత్తు దిగిపోయింది. సంతలో దళారులు ఆడే ఆట ఒకటుంది. తమ మనిషి చేత ఆశపెట్టే వెల చెప్పిస్తారు. రైతు అది నమ్మి అందరినీ కాదంటాడు. పొద్దు వాలేసరికి చెప్పినవాడు మాయం, పశువు సగానికి పోతుంది. రెండేళ్ల కిందట అతని ఆవు అలాగే పోయింది.

"ఇయ్యను సామీ, పో."

"చాలదా? ఇంకెంత కావాలో చెప్పు."

"ఎంతకైనా నీకు మాత్రం ఇయ్యను."

ముసలాయన ఏదో చెప్పబోయాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఇంతసేపూ ఇన్ని భాషలు మాట్లాడిన నోరది.

గొడుగు సర్దుకుని దుమ్ములో కలిసిపోయాడు.

కాసేపటికి దళారి దండపాణి వచ్చాడు.

"ఎన్న ముని, ఒంటెద్దా? శోళవరంలో మా వరదన్‌కు జత కావాల. నేరుగా దుక్కికే."

"లారీకి కాదు గదన్నా?"

"మురుగన్ మీద సత్యం!"

గుడ్డ కింద ఆరు వేళ్లు చెప్పాడు. తక్కువ వెల చెప్పినవాడే నిజం చెప్పినట్టు తోచింది వెంకటమునికి. ఎద్దును అప్పగించాడు.

గడియ తిరక్కముందే రోడ్డు మీద లారీ కనిపించింది. వెనక పలకల మధ్య ఇరుక్కున్న పశువుల్లో పసుపు రాసిన నుదురొకటి.

వెంకటముని అరుచుకుంటూ పరుగెత్తాడు. లారీ ఆగలేదు. దండపాణి ఎక్కడా లేడు.

అప్పుడు గుర్తొచ్చాడు ముసలాయన. ఆయన చెప్పిన వెల నిజమే అయితే, బాడుగ కారు తీసుకుని లారీని తరిమి, ఇద్దరూ కలిసి ఎద్దును విడిపించుకోవచ్చు.

సంత మొగదల అంబలి అమ్మే సెల్లమ్మకు తెలియని మనిషి లేడు. ఆమె దగ్గరికి పరుగెత్తాడు.

"అక్కా, గొడుగు పట్టుకున్న ముసలాయన, మాటలు చెప్తాడే, యాడ?"

"నాగలింగం అయ్యవారా? ఇప్పుడే చిత్తూరు బస్సెక్కినాడు. నీ బేరం తెగినాక ఇంగ నిలబడలేకపోయినాడు."

"యెవురాయన? ఏ దళారి మనిషి?"

సెల్లమ్మ చేతిలో గరిటె ఆగింది.

"దళారా? ఏడేండ్లుగా వారం తప్పకుండా వస్తాడు. ఒక్క గొడ్డును కొన్నది లేదు. అన్నిట్నీ చూసి పోతాడు. ఈ పొద్దు మాత్రం 'దొరికింది సెల్లమ్మా' అని చిన్నబిడ్డ మాదిరి నవ్వినాడు."

"అట్లయితే నాతో చెప్పొచ్చు గదక్కా, ఇదీ సంగతని?"

"యెట్ల చెప్తాడు? తానే అమ్ముకున్న గొడ్డును మళ్లా నాదని నోటితో అంటే, కొన్నోళ్ల కొట్టానికి చేటని పెద్దోళ్ల మాట గదా. నీకు చేటు రాకూడదనే నోరు కట్టుకున్నాడు."

వెంకటముని లారీ పోయిన రోడ్డు వైపు తిరిగాడు.

సెల్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని మెల్లగా అంది: "పుట్టిన పూటే తల్లి చచ్చిపోతే, గుడ్డ తడిపి పాలు పట్టి నీ ఎద్దును బతికించుకున్నది ఆయనే తమ్ముడా."