వెన్నులో సూది

"ఎవరక్కడ? ఎవరైనా ఉన్నారా?"

మంచం మీద బోర్లా పడుకున్న అద్దాలాయన గొంతు గోడకి తగిలి తిరిగొచ్చింది.

కిటికీలకి అద్దాలు బిగించడం అతని పని. నిలువెత్తు అద్దాన్ని వీపున వేసుకుని అంతస్తులకి అంతస్తులు ఎక్కేవాడు. కిందికి చూస్తే అందరికీ కళ్ళు తిరిగే చోట నిలబడి కూనిరాగాలు తీసేవాడు. మోసీ మోసీ నడుంలో డిస్కు దెబ్బతింది. ఇప్పుడు చెప్పులు తొడుక్కోవాలన్నా భార్య వంగాల్సిందే.

మాత్రలయ్యాయి, నడుంపట్టీలయ్యాయి. చివరికి డాక్టరు కొత్త వైద్యం చెప్పాడు. అతని రక్తమే కాస్త తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, విడిపోయిన పసుప్పచ్చటి ద్రవాన్ని ఆ డిస్కులోకి ఎక్కిస్తారు.

"తగ్గుతుందా డాక్టరుగారూ?"

"కొందరికి తగ్గుతోంది. కొందరికి తగ్గట్లేదు. కొన్ని వారాలు ఓపిక పట్టాలి."

ఆ మాటకి అతను భయపడలేదు. పనిలో తోటివాడు అన్న మాటకి హడలిపోయాడు.

"వెన్నులో సూదంటే మాటలా అన్నా? అటూ ఇటూ అయితే కాళ్ళు చచ్చుబడిపోతాయి."

అప్పట్నుంచీ కాలివేళ్ళు ఆడించి చూసుకుంటూనే ఉన్నాడు.

తోడొచ్చిన బావమరిది బండి పెట్టడానికి చోటు దొరక్క ఆస్పత్రి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు. నర్సు రక్తం తీసుకుని, చొక్కా విప్పించి, "కదలకండి" అని వెళ్ళిపోయింది. పక్కగదిలో యంత్రం రొద మొదలైంది. అక్కడ తన రక్తం తిరుగుతోంటే ఇక్కడ తన తల తిరుగుతోంది.

చొక్కా దొరికితే చాలు, పారిపోదామనుకున్నాడు. అందుకే ఆ అరుపు.

తలుపు తెరుచుకుంది.

ఎవరో లోపలికొచ్చి ఆగిపోయారు. తల తిప్పబోతే నడుం కలుక్కుమంది. ముఖం ఆనించడానికి మంచానికున్న కంతలోంచి నేల మాత్రమే కనిపిస్తోంది. నేల మీద రెండు ఆడ చెప్పులు.

"ఇక్కడ..." అని ఏదో అడగబోయిందామె.

"ఆయమ్మవా? ఆ చొక్కా ఇలా ఇయ్యి. నేను వెళ్ళిపోతా."

"ఎందుకు?"

"ఎందుకేంటి? భయం! నవ్వుకుంటే నవ్వుకో."

"నవ్వట్లేదు."

"కాళ్ళు పడిపోతే నన్నెవరు చూస్తారు? మా చిన్నపిల్ల ఇంకా నా మెడ పట్టుకునే నిద్రపోతుంది."

ఆ చెప్పులు మంచం దగ్గరికొచ్చాయి. తర్వాత స్టూలు జరిగిన చప్పుడైంది. మంచం పక్కనే కూర్చుంది.

"ఏ కాలు లాగుతుంది తమ్ముడూ?"

"ఎడమది. తుంటి నుంచి మడమదాకా ఎవరో తీగ పెట్టి గుంజినట్టు."

"నాకూ అంతే."

"నీకూనా? ఇక్కడే పనిచేస్తున్నావు, ఈ సూదేదో వేయించుకోకపోయావా?"

"వేయించుకుందామనే వచ్చా. నాకు పనికిరాదన్నారు."

"అదృష్టవంతురాలివి! తప్పించుకున్నావు."

ఆమె "ఊఁ" అంది.

మాట దొరికేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది. కిటికీ మూయమన్నాడు, మూసింది. కాళ్ళ మీద దుప్పటి కప్పమన్నాడు, కప్పింది. అలా కాదని విసుక్కుంటే మళ్ళీ సరిగ్గా కప్పింది.

ఇంతలో యంత్రం ఆగిపోయింది.

"వచ్చేస్తున్నారు! అమ్మో, నావల్ల కాదు."

"నా చెయ్యి పట్టుకో."

పట్టుకున్నాడు. మంచం చక్రాలు కదిలాయి. లోపలిగది గుమ్మంలో నర్సు ఆమెని ఏదో అడిగింది, ఆమె ఏదో చెప్పింది. ఎక్స్‌రే పడకుండా బరువుకోటు ఆమెకీ తొడిగారు.

నడుం మీద చల్లటి మందు రుద్దారు. ముందు చీమ కుట్టినట్టనిపించింది. తర్వాత లోపలెక్కడో, ఇంతకాలం నొప్పి కాపురమున్న చోటే, నిప్పు పోసినట్టయింది.

"అక్కా!" అని కేకపెట్టాడు. ఎందుకలా పిలిచాడో అతనికే తెలీదు.

"ఇక్కడే ఉన్నా. కాలివేళ్ళు ఆడించు. ఆఁ... ఆడుతున్నాయి."

"నిజంగానా?"

"నేను చూస్తున్నాగా. రెండు కాళ్ళవీ ఆడుతున్నాయి."

సూది బయటికొచ్చాక కూడా ఆ చెయ్యి వదలడానికి అతనికి మనసొప్పలేదు. ఆమే మెల్లిగా విడిపించుకుంది.

వెల్లకిలా తిప్పి బయటి గదికి తెచ్చేసరికి ఆమె లేదు.

"ఆయమ్మని ఒక్కసారి పిలవండి" అన్నాడు నర్సుతో. "పాపం, నోటికొచ్చినట్టు కసిరాను."

"ఆయమ్మ ఎవరు? ఆవిడ మీ అక్కగారు కదా! అలా చెప్పబట్టే లోపలికి రానిచ్చాం."

"నాకు అక్కే లేదమ్మా."

నర్సు నోరు తెరిచేలోగా బావమరిది రొప్పుతూ వచ్చాడు.

"ఇప్పటికి దొరికింది బావా చోటు! ఎవరో అక్కాచెల్లెళ్ళ కారు కదిలితే ఆ జాగాలో పెట్టా. పెద్దావిడ మెట్ల మీద కూలబడిపోతే నేనే పట్టుకుని ఎక్కించాను. ఎవరికోసం వచ్చావని అడిగింది. మా బావకి వెన్నులో సూది అన్నాను. 'అయిపోయింది, వేళ్ళన్నీ ఆడుతున్నాయి, భయపడొద్దని చెప్పు' అంది. నువ్వు ఆవిడకెలా తెలుసు?"

"ఆవిడకేమైంది?" అద్దాలాయన లేవబోయాడు. నర్సు భుజం నొక్కి పట్టింది.

బావమరిది గొంతు తగ్గించాడు.

"చెల్లెలు ఏడుస్తూ చెప్పింది బావా... ఆవిడ నడుంలోది డిస్కు కాదట, వెన్నెముక నిండా పాకిన కేన్సరట. ఇందాక డాక్టరు ఆ మాట చెప్పగానే, పట్టుకుని ఏడవడానికి చెల్లెలి కోసం వెతుక్కుంటూ కనిపించిన తలుపల్లా తీసిందట."