అరవై, నలభై

“సగం సగం కాదు మేడం. అరవై నాది, నలభై గీయనది,” అంది భాగ్య.

టైపు చేస్తున్న సుమిత్ర వేళ్లు ఆగాయి. మహబూబాబాద్ స్టేషన్ దగ్గర ఆమెకు చిన్న ట్యాక్స్ ఆఫీసు ఉంది. పాన్ కార్డులు, జీఎస్టీలు, లైసెన్సులు అంటూ రోజూ పది మంది వస్తుంటారు. ఆమె ఐలేశ్ ముఖంలోకి చూసింది, కొట్లాటకు దిగుతాడేమోనని.

“నలభై ఎక్కువే మేడం. నేనే పంచితే నాకు ఇరవై గూడ ఇయ్య,” అన్నాడు ఐలేశ్.

వినయం కొద్దీ అన్న మాట కాదది. ఐలేశ్ పెట్టిన సెల్‌ఫోన్ల దుకాణం పద్నాలుగు నెలలు బతికింది. అంతకు ముందు తీసుకున్న కూల్‌డ్రింకుల ఏజెన్సీ ఎండాకాలంతో పాటే పోయింది. ఎవరికైనా ఏదైనా అమ్మగల నోరు ఆయనది. అమ్మిన డబ్బు ఏమైందని అడిగితే మాత్రం ఆ నోరు పడిపోతుంది.

ఇప్పుడు నడుస్తున్నది భాగ్య చేతి వంట. చిట్యాలలో ఆమె, ఊరి మహిళా సంఘం వాళ్లు నలుగురు కలిసి కారంపొడి, నువ్వులపొడి, సకినాలు చేస్తారు. ఐలేశ్ వాటిని వీడియోలు తీసి, తన మీద తానే నాలుగు జోకులు వేసుకుని ఫోన్లో పెడితే ఆర్డర్లు మొదలయ్యాయి. పోయిన నెల బెంగళూరు దుకాణం వాళ్లు నెలకు రెండు వందల కిలోలు కావాలన్నారు. పక్కా బిల్లు ఉండాలన్నారు. నెలాఖరులోగా జీఎస్టీ నంబరు చూపకపోతే వేరే వాళ్ల దగ్గర కొంటామన్నారు.

“గింత తిప్పలెందుకు వదినా? నీ ఒక్కదాని పేరునే పెట్టు. నీ పాన్ కార్డే సరిపోతది. అన్న ఎట్లనో పక్కన ఉండి చూసుకుంటడు గద,” అంది సుమిత్ర.

ఐలేశ్ దగ్గాడు.

“వద్దు మేడం. ఆర్డర్లు తెచ్చింది ఆయన. ఆయనకు రావాల్సింది ఆయనకు రాయుండ్రి. నాది నాకు రాయుండ్రి. ఏదైనా రాతల ఉండాలె,” అంది భాగ్య.

“అయితే పార్ట్‌నర్‌షిప్ రాద్దాం. గని ఒకటి యాదుంచుకోండ్రి. సంస్థ పేరు మీద ఒకరు అప్పు జేస్తే రెండో మనిషి మెడకు గూడ సుట్టుకుంటది.”

“నాకెరుకనే,” అంది భాగ్య వెంటనే.

అంత తొందరగా అనకపోతే బాగుండునని ఐలేశ్‌కు అనిపించింది.

“గందుకే, ఇద్దరి సంతకాలు లేంది బ్యాంకుల పైస కదలొద్దని రాయుండ్రి,” అని కలిపింది భాగ్య.

“సరే. సంస్థకు వేరే పాన్ తీసి, దాని పేరునే కరెంట్ ఖాతా తెరుస్తం. అన్నా, ఇగ ఆర్డర్ పైసలు నీ ఫోన్ నంబరుకు రావద్దు.”

“వచ్చినా నిలవయి మేడం.”

సుమిత్ర నవ్వింది. భాగ్య నవ్వలేదు కానీ పెదవి చివర కొంచెం కదిలింది. ఆ కదలిక కోసం ఐలేశ్ ఒకప్పుడు పొద్దంతా మాట్లాడేవాడు.

“వేరే రాష్ట్రానికి సరుకు అమ్ముతున్నరు గాబట్టి, అమ్మకం ఎంత తక్కువున్నా జీఎస్టీ తప్పదు. తినే వస్తువు గాబట్టి ఫుడ్ లైసెన్స్ గూడ కావాలె. అన్నా, నీకు ఇదివరకు జీఎస్టీ ఉండెనా?”

“ఉండె. రద్దయింది. అమ్మకమే లేనప్పుడు లెక్క పంపుడేందని ఊకున్న. సున్నా అమ్మినా సున్నా అని రాసి పంపాల్నట.”

“నోటీసులు రాలేదా?”

“వచ్చినయ్. అన్నీ ఇంగ్లీషుల ఉండె. సర్కారోళ్లు నన్ను మెచ్చుకుంటున్నరనుకున్న.”

“జుర్మానా నా గాజులతోని కట్టిండు,” అంది భాగ్య. “రిటర్న్‌ల పని నాకు రాయుండ్రి మేడం. వీడియోలు, ఆర్డర్లు ఆయనకు.”

సుమిత్ర రాసుకుంది. “ఎవరైనా విడిపోవాలనుకుంటే? అదే, వ్యాపారంల నుంచి. ఎన్ని నెలల ముందు చెప్పాలె?”

“మూడు నెలలు,” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

“చెప్పకుండ ఒకనాడు పొద్దుగాల్నే లేచి పోవుడు మాత్రం ఉండొద్దు,” అన్నాడు ఐలేశ్.

భాగ్య కిటికీ వైపు తిరిగింది. బయట విజయవాడ వైపు రైలు ఏదో కూత పెడుతూ వెళ్లింది.

సుమిత్ర కుర్చీలో వెనక్కి వాలింది. “మొగుడు పెండ్లాలు గిన్ని షరతులు రాసుకునుడు నా సర్వీసుల సూడలే. గింత నమ్మకం లేకుంటే ఎట్ల వదినా?”

“నమ్మకం ఉంది గాబట్టే వచ్చిన మేడం,” అంది భాగ్య, కిటికీ వైపు నుంచి తిరగకుండానే.

ఐలేశ్ ఏదో తమాషా మాట అనబోయాడు. మానుకున్నాడు. ఆయన మీద ఎవరైనా నలభై శాతం నమ్మకం పెట్టి చాలా కాలమైంది.

ప్రింటర్ లోంచి కాగితాలు బయటికొచ్చాయి. ఐలేశ్ పెన్ను తీసి నేరుగా చివరి పేజీ తిప్పాడు. భాగ్య ఆ పెన్ను లాక్కుంది.

“ముందు సదువు. మొదటి పేజీకెల్లి.”

ఐలేశ్ బడి పిల్లవాడిలా కాగితం రెండు చేతులా పట్టుకున్నాడు. “ఒకటో భాగస్వామి, భాగ్య. భర్త పేరు, ఐలేశ్...”

అక్కడే ఆగిపోయాడు. మళ్లీ ఒకసారి ఆ వరుసంతా లోలోపల చదువుకున్నాడు. బాగానే ఉంది చదవడానికి.

“ఏమైందన్నా? తప్పు పడ్డదా?” అంది సుమిత్ర.

“గా భర్త పేరు కొట్టేసి, తండ్రి పేరు సాంబయ్య అని రాయుండ్రి మేడం.”

“ఎందుకు?”

ఐలేశ్ భాగ్య వైపు చూశాడు. చెప్పమన్నట్టు ఆమె తల ఊపింది.

“మాకు విడాకులై రెండేండ్లాయె.”