చిగుళ్ల పొర

ఏడాదికోసారి చిగుళ్లకు సన్నటి మందు పొర వేయించుకోవడం మొదలయ్యాక తెనాలిలో పంటినొప్పి మాటే వినబడలేదు. నెత్తురు రాదు, వాసన రాదు. పెళ్లిళ్లలో సన్నాయి వాయించే కోటిలింగం కూడా అందరిలాగే వేయించుకున్నాడు.

ఓ ఉదయం అతను పుక్కిలిస్తుంటే నీళ్లు ముక్కులోంచి కారాయి. సన్నాయి అందుకుంటే నోట్లో గాలి నిలవలేదు, బుస్సుమని ముక్కులోకి పోయింది. భార్య సుభద్ర హడలిపోయి అతన్ని పళ్ల డాక్టరు రజియా దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ పొర ఒలిచి చూసి, చేతిలోని అద్దం పక్కన పెట్టింది.

“పై దవడ పంటి వేళ్ల మధ్య ఎముకంతా కరిగిపోయిందండీ. చీము పైకి పాకి, ముక్కు పక్కనుండే గాలి గది సైనస్‌లోకి కన్నం చేసింది. ఆ పన్ను ఎప్పుడో ఊడాల్సింది, పొరే పట్టి ఉంచింది.”

“మరి నొప్పి రాలేదేంటమ్మా?” అంది సుభద్ర.

“రానివ్వదుగా. అందుకేగా అందరూ వేయించుకునేది!”

“మళ్లీ వాయించగలనా?” అన్నాడు కోటిలింగం.

“కన్నం కుట్టి మూస్తాను. గట్టిగా ఊదితే మళ్లీ తెరుచుకుంటుంది, సన్నాయి మాత్రం మర్చిపోవాలి.”

అతని మొహం చూడలేక సుభద్ర బయటికొచ్చింది. వరండా నిండా జనం, కొత్త పొర కోసం నవ్వుతూ కబుర్లాడుకుంటున్నారు. ఆమె నోట్లో వేలు పెట్టుకుని తన పై దవడ పన్ను మెల్లగా నొక్కింది.

అది కదిలింది. నొప్పి మాత్రం లేదు.