పన్నెండు అడుగుల చట్రం

"పన్నెండు అడుగులది నీకొద్దు."

మార్లిస్ వెనక్కి తిరిగి చూసింది. కిటికీ పక్కన స్టూలు మీద ఓ ముసలావిడ. చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని దాల్చినచెక్క రొట్టె కాఫీలో ముంచుకు తింటోంది.

"మీరు ఈ కొట్టులో పనిచేస్తారా?"

"లేదు. గురువారాలు ఇక్కడ కాఫీ ఊరికే పోస్తారు."

మార్లిస్‌కి నవ్వు రాలేదు. తెల్లవారుజామున నాలుగింటి నుంచి వృద్ధాశ్రమం వంటింట్లో నిలబడి, షిఫ్టు దిగి అటునుంచి అటే నలభై మైళ్ళు కారు నడుపుకొచ్చింది. కాళ్ళు పీకుతున్నాయి. అరవై రెండేళ్ళ ఒళ్ళు.

అంతకుముందు పద్నాలుగు నెలలు జబ్బుపడ్డ అక్క లవోన్ మంచం పక్కనే గడిచాయి. ఫిబ్రవరిలో అక్క పోయింది. ముగ్గురు మనవరాళ్ళ కోసం ముక్కలు అతికిన మూడు బొంతల పైపొరలు అలాగే మిగిలాయి.

"నువ్వే పూర్తి చెయ్యవే," అంది అక్క పోయేముందు.

పైపొరనూ, దూదినీ, అడుగుగుడ్డనూ కలిపి కుట్టడంలోనే ఉంది అసలు పనితనం. ఆ కుట్టుకే అయోవాలో మూడు కౌంటీల్లో లవోన్ పేరు చెప్పుకునేవారు. ఏటా చలికాలంలో ఎక్కడో మిషను అద్దెకు తీసుకుని కుట్టుకొస్తున్నానని చెప్పేది. ఎక్కడని మార్లిస్ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు అద్దె మిషన్ల చుట్టూ తిరిగే ఓపిక లేదు. ఇంట్లోనే ఒకటుంటే షిఫ్టయ్యాక రోజూ కాసేపు కుట్టుకోవచ్చు. అందుకే బొంతలు కుట్టే పొడుగుచేతి మిషనూ, బొంతను పరిచి బిగించే దాని చట్రమూ కొనడానికొచ్చింది.

"పన్నెండుదైతే ఏ మంచం బొంతైనా పడుతుందండీ," అంది కొట్టు యజమాని ట్రూడీ.

"ఎక్కడ పెడతావు?" ముసలావిడ వదల్లేదు.

"నేలకింది గదిలో. పద్నాలుగు అడుగులుంటుంది."

"చట్రం వెనక్కి వెళ్ళి రావాలా వద్దా? రెండు చివర్లా ఒక్కో అడుగు మిగిలితే ఎలా దూరతావు, పిల్లివా? ఎనిమిది అడుగులది తీసుకో. ఒంటరి మంచం బొంతలకి చాలు. ఆ కుడి భుజం సరిగా లేవడం లేదు, ఇందాకట్నుంచి చూస్తున్నాను. మోచేతి ఎత్తులో బిగించుకో."

"మా అక్క పెద్ద చట్రం మీదే కుట్టేది."

ముసలావిడ కాఫీ పక్కన పెట్టి చెయ్యి చాపింది. దిండుగలీబులో తెచ్చిన పైపొరను మార్లిస్ అయిష్టంగానే అందించింది. ముసలావిడ మూల మీద వేలితో నిమిరింది.

"మీ అక్కలా కుట్టాలని కూర్చోకు అమ్మాయ్, నడుం పడిపోతుంది. తిన్నగా నాలుగు గీతలు కుట్టినా పిల్లలకి వెచ్చగానే ఉంటుంది. లేదంటే ఇవి నాకిచ్చెయ్. నేను కుట్టిపెడతాను."

మార్లిస్ ఆ వేళ్ళకేసి చూసింది. సన్నగా వణుకుతున్నాయి.

"మా అక్క పనితనం చూసుంటే మీరీ మాట అనరు," అంది.

ముసలావిడ వేలు ఆ మూల మీదే ఆగింది.

"అంత బాగుంటుందా?"

"అంతకంటే బాగా కుట్టేవాళ్ళని నేను చూడలేదు."

"అలాగా," అంది ముసలావిడ. పైపొరను జాగ్రత్తగా మడిచిచ్చి, కర్ర పట్టుకుని మెల్లగా బయటికి నడిచింది.

మార్లిస్ పన్నెండు అడుగులదే కొంది.

చట్రం వెనక్కి వెళ్ళాలంటే కిందనుంచి పాకాల్సొచ్చింది. అక్క పాత బొంతను గోడకు తగిలించుకుని, అందులోని ఈకల ఆకారపు కుట్టును చూసి చూసి కుట్టేది. వంకర పోయేది. విప్పేది. మళ్ళీ కుట్టేది. వేసవంతా అదే పని. ఏ ఈక ఎక్కడ వంగుతుందో కళ్ళు మూసుకున్నా కనిపించేంతగా వచ్చేసింది కానీ చెయ్యి మాత్రం అలా తిరగలేదు. అక్టోబరుకి ఒక మూల పూర్తయింది. కుడి చెయ్యి జుట్టు దువ్వుకోవడానిక్కూడా లేవడం మానేసింది.

నవంబరులో ట్రూడీకి ఫోన్ చేసింది.

"ఆ రోజు స్టూలు మీద ఒకావిడ కూర్చుంది చూడండి. ఇంకా కుట్టిపెడతారేమో అడుగుదామని."

"డెల్ఫానా?" అంది ట్రూడీ. "పోయి మూడు వారాలైందండీ. వాళ్ళమ్మాయి ఇల్లు ఖాళీ చేస్తూ, ఆవిడ గీసుకున్న కాగితాలన్నీ నా దగ్గర పడేసి వెళ్ళింది. కుట్టే నమూనాలు. రండి, మీకేమైనా పనికొస్తాయేమో."

ఆ శనివారం వెళ్ళింది. అట్టపెట్టె నిండా గోధుమరంగు కాగితపు చుట్టలు. మార్లిస్ ఒకటి తీసి బల్ల మీద పరిచింది.

ఈకలు. గోడ మీద అయిదు నెలలు చూసిన ఈకలు. మూడోది కాస్త ఎడమకు వంగడంతో సహా.

ఇంకొకటి విప్పింది. మేనకోడలి పెళ్ళిబొంత. మరొకటి. చర్చి సంతలో మొదటి బహుమతి వచ్చినది. కొన్ని కాగితాలు పాతబడి అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి.

"ఇవి మా అక్క నమూనాలు," అంది మార్లిస్. "ఆవిడ దగ్గరికెలా వచ్చాయి?"

ట్రూడీ పెట్టె మూత కేసి చూస్తూ నిలబడింది.

"నాకూ మొన్న వాళ్ళమ్మాయి చెప్తేనే తెలిసింది. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుందట మీ అక్క. ఇరవై రెండేళ్ళు మీ అక్క బొంతలన్నీ కుట్టింది డెల్ఫాయే."