ఉరుముకి జడిసే నెమళ్లు

ఆ అడవిలో ఆరు నెమళ్లకి ఉరుమంటే చచ్చే భయం. మబ్బు పట్టగానే మిగతా నెమళ్లన్నీ పురి విప్పి ఆడుతుంటే, కాలు బెణికిందని ఒకటి, కడుపునొప్పని ఒకటి, ఏదో వంక చెప్పి పొదల్లో దూరేవి. నెమలై పుట్టి ఉరుముకి భయమని ఎలా చెప్పుకోవడం?

ఆ అడవికి డాక్టరు ఒక కొంగ. సంగతి కనిపెట్టి ఆరింటినీ పిలిపించాడు.

"నలుగురిలో చెప్పుకుంటే భయం తగ్గుతుందో లేదో తేల్చాలి. మీరు ముగ్గురూ రోజూ చింతచెట్టు కింద చేరి మీ భయం చెప్పుకోండి. మిగతా ముగ్గురూ ఎవరి పొదలో వాళ్లు నోరు మూసుకుని కూర్చోండి. తేడా చూస్తాను," అన్నాడు.

తొలకరి వచ్చింది. ఉరుముతున్నా చింతచెట్టు కింది మూడూ ఆడాయి. తొర్రలోంచి చూసిన కొంగ డాక్టరు, ఉరుము ఆగగానే సంబరంగా పొదల దగ్గరికి పరిగెత్తాడు. మూడు పొదలూ ఖాళీ! పుట్ట వెనక ఆ మూడూ ఇంకా జోరుగా ఆడుతున్నాయి.

"ఇదేమిటర్రా?"

"ఒక్కళ్లమే ఉండలేక రోజూ ఇక్కడ చేరి మిమ్మల్ని తిట్టుకున్నామండీ. మాటల్లో మా భయం సంగతీ వచ్చింది," అంది ఒక నెమలి.

"నా పరిశోధనంతా నాశనం చేశారు కదర్రా!" అని కొంగ నెత్తి కొట్టుకుంటుండగానే ఫెళఫెళమని ఉరిమింది. చూస్తే డాక్టరు లేడు. నెమలి తోక కింద రెండు సన్నకాళ్లు వణుకుతున్నాయి.

"మీక్కూడానా, డాక్టరుగారూ?"

"ఎవరికీ చెప్పకండర్రా!"

"మేం చెప్పం. మీరే చెప్పాలి. రండి, కూర్చోండి," అంటూ నెమలి పక్కకి జరిగింది.