ఎవరి పోషణలో పిల్ల

"నీ పన్ను రిటర్ను తిరిగొచ్చేసిందమ్మా," అంది బెర్నిస్, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే. "నువ్వు తమ పోషణలో ఉన్నావని ఎవరో ముందే రాసేసుకున్నారు."

కెంటకీ కొండల్లోని ఆ ఊరి లైబ్రరీలో జనానికి ఉచితంగా పన్ను కాగితాలు నింపిపెట్టే మనిషి ఆవిడ. ఎదురుగా కూర్చున్న రోవెనాకి ఇరవై రెండేళ్లు. వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేస్తూ కాలేజీ చదువుకుంటోంది.

"నన్ను పోషించే మహారాజెవరండీ? నా అద్దె నేనే కట్టుకుంటున్నా. నా తిండి నేనే తింటున్నా."

"కావచ్చు. కానీ ఇంకొకరి పోషణలో ఉన్నవాళ్లు, వైద్యానికని పన్ను లేకుండా దాచుకునే హెల్త్ సేవింగ్స్ ఖాతాలో డబ్బు వేసుకోకూడదు. ఏప్రిల్ పదిహేనులోగా తీసెయ్యకపోతే, ఉన్నన్నాళ్లూ ఏటా జరిమానా పడుతుంది."

రోవెనా కుడికన్ను రోజురోజుకీ మసకబారుతోంది. ఆపరేషన్ కోసం ఏడాదంతా నోరు కట్టుకుని ఆ ఖాతాలో దాచిన పంతొమ్మిది వందల డాలర్లవి. ఆమె పక్కనున్న తాత వైపు గిర్రున తిరిగింది.

"నువ్వే కదూ తాతా?"

"ఒట్టు! నేను పన్ను కాగితం ముట్టుకుని ఆరేళ్లయింది. గనిలో ఊపిరితిత్తులు పోయినందుకిచ్చే డబ్బుకి పన్నేమిటి, నా మొహం!" అన్నాడు ఎల్డన్, దగ్గుతూ.

"మరెవరు?"

"పన్ను ఆఫీసువాళ్లు ఆ పేరు ఎవరికీ చెప్పరు," అంది బెర్నిస్. "నువ్వు కాళ్లు పట్టుకున్నా చెప్పరు. అభ్యంతరం రాసి పంపు. రుజువులు చూపిస్తే నీ ఖాతా నీకుంటుంది. జరిమానా అవతలివాళ్ల నెత్తిన పడుతుంది."

"పడనీ! ముక్కూమొహం తెలియని దొంగవెధవ, నా కన్ను పీక్కుంటానంటే ఊరుకుంటానా?" రోవెనా కన్నీళ్లు తుడుచుకుని కలం అందుకుంది.

ఎల్డన్ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు తల్లీ. సంతకం పెట్టకు."

"ఎందుకు తాతా? ఆ దొంగని కాపాడాలా?"

"నిన్నలా రాసుకోవాలంటే నీ పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు తెలియాలి... మనవాళ్లలో అవి తెలిసింది నాక్కాక ఇంకొక్కరికే." ముసలాయన ఆమె చేతిలోంచి కలం తీసేసుకున్నాడు. "శవం కూడా దొరక్కపోయినా, వరదలో పోయిందని మనం సమాధి కట్టిన మీ అమ్మకి."